బాబాయి పుంజు

నిన్న ఇక్కడ కువైట్‌లో, ఎగైలా అనే పేటలో ఒక తెలుగువాళ్ళ ఇంటికి కంప్యూటరు బాగుచేయడానికి వెళ్ళాను. వాళ్ళ పాప తెర మీద మామూలు బాణం గుర్తుకు బదులు సీతాకోకచిలుకను పెట్టుకుంది. ఎక్కడో ఊరికే దొరికిన సాఫ్ట్‌వేరు. మౌసు కదిపితే చిలుక రెక్కలాడిస్తూ తిరగాలి. అది తిరగడం మానేసి, అగ్గిపెట్టెంత నల్లడబ్బా ఒకటి తెర మీద దొర్లుతోంది.

"అంకుల్, నా చిలుక కాలిపోయింది" అంది పాప, ఏడుపు గొంతుతో.

"ఇంత చిన్నదానికి మిమ్మల్ని రప్పించాం, ఏమీ అనుకోకండి. పొద్దున్నించీ అన్నం ముట్టలేదు" అంది వాళ్ళమ్మ.

నేనేమీ అనుకోలేదు గానీ నోరు ఊరుకోలేదు. "దీని ముక్కెక్కడుంది?" అనేశాను. తల్లీకూతుళ్ళు ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూసుకున్నారు. సీతాకోకచిలుకకు ముక్కేమిటి నా బొంద! ఏదో సర్దిచెప్పి, తెరకు రంగులు తక్కువ పెట్టి ఉంటే పెంచాను. నల్లడబ్బాలోంచి చిలుక బయటికొచ్చింది. పాప చప్పట్లు కొట్టింది. నేను మాత్రం గబగబా సంచీ సర్దుకుని మెట్లు దిగి, కారులో కూర్చుని ఏడ్చాను. భోరున ఏడ్చాను. దాచుకోవడం దేనికి?

బాబాయి పోయి ఏడాది దాటింది. పిన్నే ఫోన్ చేసి చెప్పింది. ఆ టైముకు నేనొక ఆఫీసులో బల్ల కింద దూరి వైర్లు సర్దుతున్నాను. "ఆయ్ పిన్నీ", "అలాగే పిన్నీ" అనడం తప్ప ఇంకో మాట రాలేదు. కన్నీళ్ళూ రాలేదు. అవన్నీ కాలిపోయిన చిలుక కోసం ఆగినట్టున్నాయి.

ఆయన నాకు వరసకు బాబాయేమీ కాదు. ఆఫీసులో కోనసీమవాళ్ళకూ బాబాయే, కడపవాళ్ళకూ బాబాయే. బెంగాలీ టీ కుర్రాడు కూడా "బాబాయ్, చాయ్" అనే అరిచేవాడు. అసలు పేరు బత్తాకా మీద, అదే ఇక్కడి గుర్తింపు కార్డు మీద ఉండేది. అక్కణ్ణించి అది ఎవరి నోట్లోకీ ఎక్కలేదు. ఇప్పుడు నేను రాస్తే ఎవరి గురించో రాసినట్టుంటుంది.

షుఐబాలో మాది చమురు ప్లాంట్లకు మనుషుల్ని పంపే కాంట్రాక్టు కంపెనీ. వెల్డర్లు, పెయింటర్లు, పరంజాలు కట్టేవాళ్ళు, ఊడ్చేవాళ్ళు. వాళ్ళందరికీ గేటు పాసులు చేసిపెట్టడం బాబాయి పని. పాసు లేకపోతే గేటు దగ్గర కాపలావాళ్ళు దేవుడొచ్చినా లోపలికి వదలరు. కంప్యూటర్లు చూసుకోవడం నా పని. నేను చేరి వారం కూడా తిరక్కుండానే ఆఫీసు ఫోన్లో ఆయన గొంతు వినిపించింది.

"ఒరేయ్ అబ్బాయ్, నువ్వు అమలాపురం వైపు కుర్రోడివంట కదా. ఓసారి ఇలా వచ్చెల్లు. పుంజు చచ్చిపోయింది."

ఇదేం కంపెనీరా నాయనా, ఆఫీసులో కోళ్ళు పెంచుతున్నారా అనుకుంటూ వెళ్ళాను. బల్ల మీద కుండలాంటి పాతకాలం తెర. తెర మీద నల్లటి చతురస్రం.

"నిన్న సాయంత్రం దాకా శుభ్రంగా తిరిగిందిరా. ఇయాళ చూస్తే మసిబొగ్గు" అన్నాడు.

జబ్బు చిన్నదే. కంప్యూటరు వేగం పెరుగుతుందని ఎవడో మహానుభావుడు తెరకు రంగులు తగ్గించిపెట్టాడు. అలాంటి బొమ్మ బాణాలకు రంగులు చాలకపోతే చుట్టూ నలుపు కమ్ముకుంటుంది. రంగులు పెంచాను. నలుపు విడిపోయి తెల్లటి కోడిపుంజు లేచింది. ఎర్రటి తురాయి, పసుపుపచ్చ కాళ్ళు. మౌసు ముట్టుకోకపోయినా ఉన్నచోటే నిలబడి రెక్కలు టపటపలాడిస్తుంది.

"హమ్మయ్య! బతికించేవురా నాయనా. నీ కడుపు చల్లగా!"

ఇంత దీవెన దీవించి నా మొహం చూడలేదు మహానుభావుడు. పక్కగోడ మీద క్యాలెండరు వంక చూస్తూ దీవించాడు. అబ్బో, పెద్దాయనకు పొగరు బాగానే ఉందనుకున్నాను.

అది ఆయన అలవాటు. ఎవరితో మాట్లాడినా ముఖం పక్కకు తిప్పేవాడు. ముదీర్ వచ్చి ఎదుట నిలబడ్డా అంతే. మా మేనేజరును అందరం ముదీర్ అనే పిలిచేవాళ్ళం. ఆయన అరబ్బీ మనిషి, మంచివాడే గానీ కోపం ముక్కు మీదుండేది. ఒకరోజు ముదీర్ బాబాయి కంప్యూటరు తెర చూసి గుడ్లు మిటకరించాడు.

"హాదా దిజాజ్ లేష్?" ఈ కోడి ఎందుకయ్యా అని.

"మై ఫ్రెండ్ సార్. కంట్రీ ఫ్రెండ్" అన్నాడు బాబాయి, కిటికీ వంక చూస్తూ.

ముదీర్‌కు నవ్వొచ్చింది. అంతటితో పుంజుకు ఆఫీసులో ఇఖామా, అంటే ఈ దేశంలో ఉండే అనుమతి, దొరికినట్టే.

మా గోదావరి జిల్లాలవాళ్ళ సంగతి మీకు చెప్పాలా? పుంజు బొమ్మ కనబడితే చాలు, దాని చుట్టూ సభ పెట్టేస్తారు. మధ్యాహ్నం భోజనాల దగ్గర ఎవడో ఒకడు బాబాయిని కదిపేవాడు. భీమవరం వైపు వెల్డరొకడు, నిజంగానే పుంజులు మేపినవాడు, ఒకసారి గట్టిగా పట్టుకున్నాడు.

"బాబాయ్, అవతలోడు నెమలిని దింపేడనుకో. మనం కాకిని దింపాలా, డేగనా?"

"దింపేవోడికి దమ్ముండాల్రా. పుంజుదేవుంది!"

అందరూ గొల్లుమన్నారు. వెల్డరు దండం పెట్టేశాడు. ఏ ప్రశ్నకైనా బాబాయి జవాబు ఇలాగే తిరిగేది. ఏ పుంజు ఏ రంగో, ఏ వేళకు ఏది గెలుస్తుందో ఒక్కనాడూ చెప్పలేదు. అడిగినవాడే చివరికి సిగ్గుపడి ఊరుకునేవాడు. గొప్ప పందెగాళ్ళు లోగుట్టు బయటపెట్టరు కదా అని మేమే సర్దిచెప్పుకునేవాళ్ళం.

ఫహాహీల్‌లో నేనూ బాబాయీ ఒకే గదిలో ఉండేవాళ్ళం. గదిలో టీ ఆయనే కాచేవాడు. గ్లాసుల్లో పోసేటప్పుడు చూపుడువేలు గ్లాసు అంచున లోపలికి పెట్టేవాడు. టీ వేలికి తగలగానే ఆపేవాడు.

"వేలు పెట్టకుండా టీ పొయ్యలేవా బాబాయ్? ఛీ!"

"వేడి చూత్తన్నాన్రా. నోరు కాలితే నన్నంటావు."

ఆ వేలు ముంచిన టీ ఎన్ని గ్లాసులు తాగానో! ఇప్పుడు ఎంత మంచి హోటల్లో తాగినా ఏదో తక్కువైనట్టే ఉంటుంది.

శుక్రవారం వస్తే మనిషి మారిపోయేవాడు. పిన్ని సబా అల్ సలేంలో ఒక కువైటీ ఇంట్లో వంట చేసేది. ఒకే దేశంలో ఉన్నా వారానికొకసారే కలుసుకునేవాళ్ళు, అదీ మధ్యాహ్నం నుంచి చీకటి పడేదాకా. బాబాయి పొద్దున్నే గడ్డం గీసుకుని, ఇస్త్రీ చొక్కా వేసుకుని, "పదరా, బస్సు టైమైంది" అని నా ప్రాణం తోడేసేవాడు. "మొగుడూ పెళ్ళాల మధ్యన నేనెందుకు బాబాయ్?" అంటే, "నువ్వుంటే ఆవిడ కూర ఎక్కువ తెత్తాది" అనేవాడు.

మేం బస్టాపులో నిలబడేవాళ్ళం. పిన్ని బస్సు దిగగానే పసుపురంగు చున్నీ తీసి ఊపేది. పదడుగుల దూరం కూడా ఉండదు, అయినా ఊపేది. ఊపుకుంటూనే నడిచి వచ్చేది. దారినపోయే ఫిలిప్పీన్స్ పిల్లలు చూసి నవ్వుకునేవాళ్ళు. ఈ వయసులో ఏం సరసంరా బాబూ అని నాకూ నవ్వొచ్చేది. ఆవిడ దగ్గరికి రాగానే బాబాయి ముఖం పక్కకు తిప్పి "వచ్చేవా?" అనేవాడు. పెళ్ళాం మొహం కూడా చూడడు, ఏం మనిషండీ!

సముద్రం ఒడ్డున కూర్చుని పిన్ని తెచ్చిన డబ్బా తెరిచేవాళ్ళం. ముద్దపప్పు, ఆవకాయ, మామా ఇంట్లో మిగిలిన మాంసం పులావు. మామా అంటే ఇంటి యజమానురాలు. పిన్ని ముద్దలు కలిపి బాబాయి చేతిలో పెట్టేది. ఇద్దరూ మాట్లాడుకునేదల్లా ఒకటే. ఆవిడ అగ్రిమెంటు ఎప్పుడైపోతుంది, ఒకే విమానంలో ఇంటికెళ్ళేది ఎప్పుడు.

"ఈవిడ ఒక్కత్తినీ ఈ ఎడారిలో ఒగ్గేసి నే వెళ్ళనురా. వచ్చినప్పుడు ఇద్దరం వచ్చేం. వెళ్ళినా ఇద్దరం ఒక్కసారే" అనేవాడు నాతో.

ఇంతలో ఆఫీసుకు కొత్త తెరలొచ్చాయి. పలచటివి, గోడకు ఆనించి పెట్టుకునే రకం. అందరూ మురిసిపోయారు. కొత్త తెరలో అక్షరాలూ బొమ్మలూ అన్నీ చిన్నవైపోయాయి. బాబాయి పుంజు కోడిపిల్లంతయింది. నేను ఒక ప్లాంటులో వేరే పనిలో ఉన్నాను. ఆయన నాకోసం ఆగకుండా సాఫ్ట్‌వేరులో ఏదో తిప్పి పుంజును పెద్దది చేసుకున్నాడు. పందెం పుంజంత చేశాడు.

రెండ్రోజులకు గేటు దగ్గర గొడవ. రెడ్డయ్య అని రాయచోటి వైపు పరంజా కట్టేవాణ్ణి కాపలావాళ్ళు పట్టుకున్నారు. పాసు మీద పేరు రెడ్డయ్యదే, ఫోటో ఇంకొకడిది. దొంగపాసు అన్నారు. పొద్దుటి నుంచి గేటు పక్క రేకుల గదిలో కూర్చోబెట్టారు. అసలే మండుటెండలు. పోలీసులకు అప్పగిస్తామన్నారు. అప్పగిస్తే ఖలాస్, అడగకుండా విమానం ఎక్కించేస్తారు.

బాబాయి చెప్పుల్లో కాళ్ళు పెట్టకుండానే పరుగెత్తాడు. నేనూ వెంటపడ్డాను. కాపలావాడి ముందు చేతులు జోడించి, "తప్పు నాది, పాసు చేసింది నేను, అతణ్ణి వదలండి" అని హిందీలో, అరబ్బీలో, చివరికి తెలుగులో కూడా బతిమాలాడు. ముదీర్ ఫోన్ చేశాక వదిలారు. రెడ్డయ్య చొక్కా చెమటకు పిండితే కారేట్టుంది. బాబాయి ఆ చొక్కానే పట్టుకుని, "నన్ను కొట్రా, కొట్టి ఎల్లు" అన్నాడు.

"ఊరుకో బాబాయ్. నువ్వేమన్నా కావాలని చేస్తివా?" అన్నాడు రెడ్డయ్య.

ఆఫీసుకొచ్చి నేను ఆయన కంప్యూటరు ముందు కూర్చున్నాను. ఫోటోల జాబితాలో ఒక పేరు మీద పుంజు ముక్కు ఆనించి నొక్కితే పై వరసలో పేరు పట్టుకుంటోంది. మళ్ళీ నొక్కాను, మళ్ళీ పై వరసే. అర్థమైంది. బొమ్మ పెరిగింది గానీ క్లిక్కు పడే చోటు పెరగలేదు. అది పుంజు ముక్కు దగ్గర లేదు, తురాయి పైన ఖాళీలో ఉంది. అందుకే రెడ్డయ్య ఫోటో పెట్టాల్సిన చోట పైవాడి ఫోటో పడింది.

అంతవరకూ బాగానే ఉంది. నాకు అంతుపట్టనిది వేరే ఉంది. పై వరస నీలంగా మారడం తెర మీద అంత స్పష్టంగా కనబడుతుంటే, ఫోటో ఇంత పెద్దదిగా వస్తుంటే, ఈయన చూడలేదా?

"బాబాయ్, ఇది కనపడలేదా నీకు?"

ఆయన తలుపు వేసొచ్చాడు. కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. క్యాలెండరు వంక ముఖం తిప్పి అన్నాడు.

"ఇదిగో, ఇలా తిరిగితే నువ్వు కనపడతావురా. తిన్నగా చూసేననుకో, నీ మొహం ఉండాల్సిన చోట మసక. నడిమధ్య చూపు పోయింది. అంచులున్నాయి. కంటి డాక్టరు ఇంక రాదన్నాడు. కదలనిది నాకు ఆనదు. కదిలిందనుకో, పట్టేత్తాను."

టీ గ్లాసులో వేలు గుర్తొచ్చింది. పిన్ని చున్నీ గుర్తొచ్చింది.

"మరి పుంజు?"

"బాణం చిన్నది, ఎక్కడుందో తెలీదు. ఇదయితే తెల్లగా ఉంటాది, ఎప్పుడూ రెక్కలు కొడతానే ఉంటాది. దీన్ని పట్టుకుని పోతే పని అయిపోద్ది."

"పుంజే ఎందుకు బాబాయ్?"

అప్పుడు నవ్వాడు. అలాంటి నవ్వు అంతకుముందు నేను చూడలేదు. "ఆ సాఫ్ట్‌వేరులో చేపుంది, పువ్వుంది, పిల్లుంది. పువ్వు పెట్టుకున్నాననుకో, ముసలోడికిదేం మాయరోగం అంటారు. ఎందుకని ఆరా తీత్తారు. గోదారోడు పుంజు పెట్టుకుంటే ఏ నాకొడుకైనా ఆరా తీత్తాడేంట్రా?"

"అయితే నీకు పందేల పిచ్చి..."

"ఛీ ఛీ. నేను బరి మొహం చూసిందే లేదు. ఆ పిచ్చితోనే మా నాన్న చేలన్నీ పోగొట్టేడు. కోడంటేనే నాకు కంపరం."

ఇన్నాళ్ళూ మేం ఆయన చుట్టూ సభలు పెట్టి గురువుగారని దండాలు పెట్టాం! నవ్వొచ్చింది, సిగ్గేసింది, రెండూ ఒక్కసారే. "ముదీర్‌కి చెప్పొద్దురా. చెప్తే రేపే నా ఇఖామా తీసేత్తారు. ఆవిడ ఇక్కడ ఒక్కత్తీ ఉండిపోద్ది" అన్నాడు. మళ్ళీ తనే, "అలాగని ఇంకోడు ఆ రేకుల గదిలో కూర్చోడానికీ లేదు. ఇంకొక్క పాసు తప్పు పడిందా, నేనే ఎల్లి చెప్పేత్తాను. ఆలోచించు" అన్నాడు.

క్లిక్కు పడే చోటును ముక్కు కొసకు జరిపాను. ఇక మిగతాది బాబాయే ఆలోచించాడు. మర్నాటి నుంచి పాసుకొచ్చిన ప్రతి కూలీనీ కౌంటరు దాటించి లోపలికి రమ్మనేవాడు. తన కుర్చీ పక్కన నిలబెట్టి, పుంజును వాడి పేరు మీద ఆపి, "చదువుకో. ముక్కు దగ్గరున్నది నువ్వేనా?" అనేవాడు. చదువు రానివాడికి ఫోటో తెచ్చి చూపించేవాడు.

"నేనే బాబాయ్. ఆ మీసం నాదే గదా!"

"అయితే నొక్కు. నీ పాసు నువ్వే నొక్కుకో."

వాడి చెయ్యి మౌసు మీద పెట్టించేవాడు. ఆ ఆఫీసులో కూలీలు కౌంటరు ఇవతలికి రావడం అప్పటిదాకా లేదు. అద్దానికున్న కంతలోంచి కాగితాలిచ్చి, కంతలోంచే తీసుకుపోవాలి. ఏసీ గదిలోకి రమ్మని, కంప్యూటరు ముట్టుకోమనేసరికి వాళ్ళ మొహాలు చూడాలి! కొందరు చేతులు చొక్కాకు తుడుచుకుని మరీ పట్టుకునేవాళ్ళు. బాబాయి దగ్గర పాసు చేయించుకోవడమంటే పెళ్ళికి వచ్చినంత సంబరం. ఆ తర్వాత ఒక్క పాసూ తప్పు పడలేదు.

ముదీర్‌కు మాత్రం ఒళ్ళు మండింది. లోపలంతా బూటు మట్టి అని ఒకరోజు కేకలు మొదలుపెట్టాడు. ఇకమీదట ఎవడూ లోపలికి రాకూడదు, అందరూ బయటే, యల్లా అన్నాడు. బాబాయి లేచి నిలబడ్డాడు. చెప్పేస్తాడు, ఇక అయిపోయిందనుకున్నాను. వరసలోంచి రెడ్డయ్య ముందుకొచ్చాడు.

"సార్, ఫస్ట్ గేట్ స్టాప్. సెక్యూరిటీ బహుత్ గుస్సా. అబ్ హమ్ దేఖ్తా, గేట్ స్టాప్ మాఫీ. మట్టి ప్రాబ్లం, హమ్ బూట్ బాహర్ రఖేగా."

ముందు గేటు దగ్గర ఆపేసేవాళ్ళు, ఇప్పుడు మేమే చూసుకుంటుంటే ఆపడం లేదు, మట్టే బాధయితే బూట్లు బయట విడుస్తాం అని. చెప్పి ఊరుకోలేదు, అక్కడికక్కడే బూట్లు విప్పేశాడు. వెనకవాడూ విప్పాడు. వరసంతా విప్పేసింది. ముదీర్ ఆ బూట్ల వంక చూశాడు, వాళ్ళ వంక చూశాడు, ఏదో గొణుక్కుంటూ వెళ్ళిపోయాడు.

తర్వాత నేను రెడ్డయ్యను బయట పట్టుకుని థాంక్స్ చెప్పాను. వాడు నన్ను వింతగా చూశాడు.

"దాన్దేముందన్నా. బాబాయ్‌కి కండ్లు కనపడవు గదా. మా అవ్వ గూడా ఇట్లే పక్కకు తిరిగి చూస్తాండె."

"ఎవరికైనా చెప్పావా?"

"చెప్పేదేముంది, అందరికీ ఎరికే. చూడలేదా నువ్వు, మేము ఊగతాంటిమి గదా."

వెనక్కి వెళ్ళి అద్దంలోంచి చూశాను. వరసలో ఒకడు తల ఊపుతున్నాడు. ఒకడు టోపీ తీసి విసురుకుంటున్నాడు. ఇంకొకడు ఒక కాలి మీంచి ఇంకో కాలి మీదకి మారుతున్నాడు. కుదురుగా నిలబడ్డవాడు ఒక్కడూ లేడు. ఎన్నాళ్ళుగానో నేను దాన్ని పని తొందర అనుకున్నాను. బాబాయికి కనపడడం కోసం వాళ్ళంతా ఊగుతున్నారు. గుట్టు దాస్తున్నది నేనొక్కణ్ణే అనుకున్నాను, చూస్తే క్యాంపు క్యాంపంతా దాస్తోంది.

ఇంకొక్క గండం మిగిలింది. పై ఆఫీసు నుంచి హుకుం వచ్చింది. కంప్యూటర్లలో సొంతంగా ఎక్కించుకున్న సరదా సాఫ్ట్‌వేర్లన్నీ పీకెయ్యాలి, వాటితో వైరస్‌లొస్తున్నాయి అని. నిజమే, పుంజును తెచ్చిన సాఫ్ట్‌వేరు కూడా ఏవేవో చెత్త ప్రకటనలు వెంట తెచ్చింది. పీకింది నేనే. పుంజు మాయమైపోయింది. బాబాయి చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు.

"అయిపోయినట్టేనేంట్రా?"

"పుంజుకు సాఫ్ట్‌వేరు దేనికి బాబాయ్? మామూలు మౌసు సెట్టింగుల్లోనే బాణం బొమ్మ మార్చుకోవచ్చు. దానికి ఏ హుకుమూ అడ్డురాదు."

గదిలో నా సొంత కంప్యూటరు మీద పుంజును మళ్ళీ తయారుచేశాను. పెద్దదిగా, క్లిక్కు ముక్కు కొసన పడేలా. టైపు చేసేటప్పుడు బాణం దాక్కునే సెట్టింగు కూడా తీసేశాను, ఆయన దాన్ని వెతుక్కోకుండా. పుంజు మళ్ళీ తెర మీద రెక్కలు కొట్టింది. బాబాయి ముఖం పక్కకు తిప్పి చాలాసేపు దాన్ని చూశాడు.

"కోడంటే కంపరం అన్నాను కదరా. ఇది కాదు" అన్నాడు.

పిన్ని అగ్రిమెంటు అయిపోయింది. ఇంకొన్నాళ్ళుండమని మామా అడిగింది, జీతం పెంచుతానంది. "ఖలాస్ మామా, మా ఆయన్ని ఇంటికి తీసుకుపోవాలి" అందట పిన్ని. మామా ఒక పెద్ద దుప్పటి, ఖర్జూరాల పెట్టె చేతిలో పెట్టి కళ్ళు తుడుచుకుందట. బాబాయి ఆఖరి రోజున క్యాంపులో ఎవరు పనిలో లేరో వాళ్ళంతా ఆఫీసుకొచ్చారు. అందరూ ఊగుతూనే నిలబడ్డారు. ముదీర్ కూడా వచ్చి కరచాలనం చేశాడు. "నీ కోడిని ఏం చేస్తావు?" అని అడిగాడు. "ఇక్కడే ఉంటాది సార్. కొత్తోడికి దారి చూపుద్ది" అన్నాడు బాబాయి. ఆ కుర్చీలోకొచ్చిన కొత్తవాడు మొదటిరోజే దాన్ని తీసేసి బాణం పెట్టుకున్నాడు. ఆ సంగతి నేను బాబాయికి ఎప్పుడూ చెప్పలేదు.

విమానాశ్రయానికి నేనే తీసుకెళ్ళాను. లోపల జనం, తళతళలాడే నేల, ఎక్కడ చూసినా వెలుగులే. బాబాయి పిన్ని చెయ్యి పట్టుకుని ఆగిపోయాడు.

"అబ్బాయ్, నువ్వు నా ముందు నడు. ఊరికే నడవకు, ఆ చేతులు కాస్త ఊపుకుంటూ నడు" అన్నాడు.

పెట్టెలున్న తోపుడుబండిని పిన్నికి అప్పగించి, పెరేడ్‌లో సిపాయిలాగా చేతులూపుతూ నడిచాను. జనం చూస్తే చూశారు. సామాను ఇచ్చే కౌంటరు దాకా నడిచాను, అక్కణ్ణించి పాస్‌పోర్టులు చూసే చోటి దాకా. అక్కడ కాపలావాడు నన్నాపేశాడు. ఇక ఆ పైన ప్రయాణం చేసేవాళ్ళే పోవాలి.

పిన్ని నా బుగ్గలు పుణికి, "ఒంట్లో జాగ్రత్త నాన్నా" అంది. బాబాయి నా భుజం తడిమి, మెడ తడిమి, తల మీద చెయ్యి పెట్టాడు. ఇద్దరూ తాళ్ళు కట్టిన దారిలో ముందుకెళ్ళారు. మలుపు దగ్గర పిన్ని ఆయన్ని ఆపి నావైపు తిప్పింది.

బాబాయి తిన్నగా నా మొహంలోకి చూశాడు. అంటే నేను కనపడటం లేదు.

చెయ్యి పైకెత్తి ఊపాను. రెండు చేతులూ ఊపాను. వెనక జనం తోసుకుంటున్నారు, కాపలావాడు "యల్లా, యల్లా" అని నన్ను పక్కకు నెడుతున్నాడు. నేను కదల్లేదు, ఊపుతూనే ఉన్నాను. బాబాయి మెల్లగా ముఖం పక్కకు తిప్పుకున్నాడు. అలాగే ఉండిపోయాడు.

ఎవరినో సాగనంపడానికి వచ్చిన తెలుగావిడ ఒకామె నా పక్కనే నిలబడి ఉంది. "పాపం పెద్దాయన, మిమ్మల్ని చూడలేక మొహం తిప్పేసుకున్నాడండీ" అంది.

"లేదండీ, నన్నే చూస్తున్నాడు" అన్నాను. చెయ్యి మాత్రం దించలేదు.